పైథాన్ లైబ్రరీలు ఎక్కడ ఇన్‌స్టాల్ అయ్యాయో కనుక్కోవడం ఎలా: విండోస్, మ్యాక్, లినక్స్ వాడేవారికి సమగ్ర మార్గదర్శి

లైబ్రరీ విజయవంతంగా ఇన్‌స్టాల్ అయిందని పిప్ (పైథాన్ లైబ్రరీలను తెచ్చిపెట్టే సాధనం) చెబుతుంది. మరుక్షణం ప్రోగ్రామును నడిపితే అదే లైబ్రరీ దొరకలేదంటూ మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ వస్తుంది. ఈ రెండు మాటల్లో ఏదీ అబద్ధం కాదు. లైబ్రరీ డిస్కులోకి చేరిన మాట నిజమే, కానీ అది చేరినది ఒక పైథాన్‌లోకి, ప్రోగ్రామును నడిపినది మరొక పైథాన్. ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటు వచ్చినది, అధికారిక వెబ్‌సైట్ నుంచి మనం దించుకున్నది, కోండా అనే ప్యాకేజీ సాధనం తెచ్చిపెట్టినది, ప్రాజెక్టు కోసం సృష్టించుకున్న వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లోనిది (తన లైబ్రరీలతో విడిగా ఉండే పైథాన్ ఫోల్డరు), ఇలా ఒకే కంప్యూటరులో నాలుగైదు పైథాన్‌లు ఉండటం సర్వసాధారణం. వాటిలో ప్రతిదానికీ తనదైన లైబ్రరీల ఫోల్డరు ఉంటుంది. కాబట్టి లైబ్రరీ ఎక్కడుందని వెతికే ముందు, ఏ పైథాన్ గురించి అడుగుతున్నామో తేల్చుకోవాలి. చిరునామాలను కంఠస్థం చేయడం కంటే, ప్రోగ్రామును నడిపే ఇంటర్‌ప్రెటర్‌నే నేరుగా అడగడం ఎప్పుడూ నమ్మదగిన పద్ధతి.

ఈ వ్యాసంలో ఆదేశాలను, ఫోల్డర్ల పేర్లను ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో ఇస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని మామూలు ఇంగ్లిష్ స్పెల్లింగుతోనే టైప్ చేయాలి. చుక్కలు, సెమీకోలన్లు, హైఫన్లు, కిందిగీతలు, ఏటవాలు గీతలు మాత్రం ఇక్కడ ఉన్నట్టే ఉంచాలి. వెర్షన్ సంఖ్య అవసరమైన చోటల్లా 3.12ను ఉదాహరణగా తీసుకున్నాను, మీ వద్ద ఉన్న సంఖ్యను దాని స్థానంలో పెట్టుకోండి. మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ చాలాచోట్ల "పైథాన్" అనే ఆదేశం ఉండదు, "పైథాన్3" అని టైప్ చేయవలసి ఉంటుంది.

మొదటి మెట్టు: నడుస్తున్న పైథాన్ ఏదో తేల్చుకోవడం

మ్యాక్, లినక్స్ టెర్మినళ్లలో ఈ ఆదేశం ఇవ్వండి.

విచ్ -ఎ పైథాన్3

విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో దీనికి సమానమైనది "వేర్ పైథాన్". పవర్‌షెల్‌లో మాత్రం "వేర్" అనే మాటకు వేరే అర్థం ఉండటం వల్ల ఆ ఆదేశం ఏమీ చూపకుండా ముగుస్తుంది, అక్కడ "వేర్.ఈఎక్స్ఈ పైథాన్" అని పూర్తిగా టైప్ చేయాలి. ఫలితంలో ఒకటి కంటే ఎక్కువ వరుసలు వస్తే, పైన ఉన్నదే మీరు పేరు టైప్ చేసినప్పుడు నడిచేది. ఆ మొదటి వరుసలో విండోస్‌యాప్స్ అనే ఫోల్డరు కనిపిస్తే కొంచెం ఆగి చూడాలి: అది మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వచ్చిన పైథాన్ కావచ్చు, లేదా మిమ్మల్ని స్టోర్‌కు తీసుకువెళ్లడానికి విండోస్ పెట్టిన ఖాళీ ద్వారం మాత్రమే కావచ్చు. విండోస్‌లో పైథాన్ లాంచర్ ఉన్నట్లయితే, "పీవై --లిస్ట్-పాత్స్" అనే ఆదేశం దానికి తెలిసిన పైథాన్‌లన్నింటినీ చిరునామాలతో సహా చూపుతుంది.

అయితే షెల్ (టెర్మినల్‌లో మన ఆదేశాలను అందుకునే ప్రోగ్రాము) చూపే చిరునామా అసలు ప్రోగ్రాము కాకపోవచ్చు. అది మరో ఫైలుకు దారి చూపే సింబాలిక్ లింకు కావచ్చు, లేదా పైథాన్ వెర్షన్లను మార్చుకోవడానికి వాడే పైఎన్వ్ వంటి సాధనాలు మధ్యలో పెట్టే చిన్న స్క్రిప్టు కావచ్చు. అందుకే తుది మాట ఇంటర్‌ప్రెటర్ నోటి నుంచే రావాలి.

పైథాన్ -సి "ఇంపోర్ట్ సిస్; ప్రింట్(సిస్.ఎగ్జిక్యూటబుల్); ప్రింట్(సిస్.ప్రిఫిక్స్)"

మొదటి వరుస పైథాన్ ఫైలు చిరునామా, రెండవది ఆ పైథాన్ తన ఇల్లుగా భావించే ఫోల్డరు. "సిస్.ప్రిఫిక్స్", "సిస్.బేస్_ప్రిఫిక్స్" అనే రెండు విలువలు వేర్వేరుగా ఉంటే మీరు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్నారని అర్థం. సమస్య ఎడిటర్‌లోనో, నేపథ్యంలో నడిచే సర్వీసులోనో కనిపిస్తున్నప్పుడు టెర్మినల్‌లో ఎంత పరీక్షించినా ప్రయోజనం ఉండదు. సరిగా ఆ ప్రోగ్రాము మొదటి వరుసల్లోనే ఈ విలువలను ప్రింట్ చేయించి చూడాలి, ఎందుకంటే ఎడిటర్‌లోని రన్ బటన్ టెర్మినల్ వాడే పైథాన్‌నే వాడాలన్న నియమం ఏదీ లేదు.

రెండవ మెట్టు: ఆ పైథాన్ వెతికే ఫోల్డర్లను చూడటం

పైథాన్ -ఎమ్ సైట్

ఈ ఒక్క ఆదేశం అన్ని సిస్టమ్‌లలోనూ పనిచేస్తుంది, కావలసిన సమాచారంలో చాలా భాగం ఇక్కడే దొరుకుతుంది. ముందుగా "సిస్.పాత్" అనే జాబితా వస్తుంది. ఏదైనా మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసినప్పుడు పైథాన్ ఈ ఫోల్డర్లను పై నుంచి కిందికి, ఇదే వరుసలో వెతుకుతుంది, ఎక్కడ మొదట దొరికితే అక్కడే ఆగిపోతుంది. సాధారణంగా జాబితా మొదట ప్రస్తుత ఫోల్డరు లేదా స్క్రిప్టు ఉన్న ఫోల్డరు ఉంటుంది. తర్వాత పైథాన్‌తో పాటే వచ్చే ప్రామాణిక లైబ్రరీ ఫోల్డర్లు, చివర్లో "సైట్-ప్యాకేజెస్" వస్తాయి. పిప్ ద్వారా తెచ్చుకున్న లైబ్రరీలు ఉండేది ఈ చివరి ఫోల్డరులోనే. మధ్యలో "పైథాన్312.జిప్" అనే పేరు కనిపించి, డిస్కులో అటువంటి ఫైలు లేకపోతే కంగారు పడనక్కరలేదు, అది చాలా ఇన్‌స్టలేషన్లలో ఉండదు. పైథాన్‌పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (ప్రోగ్రాములు చదువుకునే సిస్టమ్ సెట్టింగు) ఎవరైనా ఫోల్డర్లు పెట్టి ఉంటే అవి ప్రామాణిక లైబ్రరీ కంటే ముందే చేరిపోతాయి. ఊహించని చోటు నుంచి లైబ్రరీ లోడ్ అవుతున్నప్పుడు అనుమానించవలసిన వాటిలో ఇది ముఖ్యమైనది.

జాబితా కింద "యూజర్_సైట్" అనే వరుస కూడా ఉంటుంది. సిస్టమ్ ఫోల్డరులో రాసే అనుమతి లేనప్పుడు పిప్ లైబ్రరీలను యూజర్ సొంత ఫోల్డరులోకి మళ్లిస్తుంది. ఆ సంగతిని ఇన్‌స్టాల్ చేసే సమయంలో ఒక వాక్యంలో చెబుతుంది కూడా, కానీ దానిని చదివేవారు తక్కువ. 2008లో పైథాన్ 2.6తో వచ్చిన ఈ ఏర్పాటు వల్ల ఒకే పైథాన్‌కు రెండు చోట్ల లైబ్రరీలు ఉండవచ్చు, ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లలోనూ ఉండవచ్చు. మామూలుగా యూజర్ ఫోల్డరు ముందు వస్తుంది కాబట్టి అందులోని వెర్షనే గెలుస్తుంది. తాత్కాలికంగా దానిని పక్కన పెట్టి పరీక్షించాలంటే పైథాన్‌ను చిన్న అక్షరపు "-ఎస్" అనే ఐచ్ఛికంతో నడపవచ్చు.

కొత్తగా ఇన్‌స్టాల్ చేయబోయే లైబ్రరీ ఎక్కడికి చేరుతుందో మాత్రమే కావాలంటే ఈ ఆదేశం చాలు.

పైథాన్ -సి "ఇంపోర్ట్ సిస్‌కాన్ఫిగ్; ప్రింట్(సిస్‌కాన్ఫిగ్.గెట్_పాత్('ప్యూర్‌లిబ్'))"

పూర్తిగా పైథాన్‌లోనే రాసిన లైబ్రరీల చోటు ఇది. సి వంటి భాషల్లో రాసి కంపైల్ చేసిన భాగాలున్న లైబ్రరీల కోసం "ప్లాట్‌లిబ్" అని అడగాలి. చాలా సిస్టమ్‌లలో రెండింటికీ ఒకే జవాబు వస్తుంది, ఫెడోరా కుటుంబపు లినక్స్‌లలో మాత్రం మొదటిది "లిబ్"లో, రెండవది "లిబ్64"లో ఉంటాయి. "సైట్.గెట్‌సైట్‌ప్యాకేజెస్()" అనే ఫంక్షన్ కూడా ఉంది కానీ, విండోస్‌లో అది ఇచ్చే జాబితాలో మొదటిది పైథాన్ ఫోల్డరే అయి ఉండి అసలైనది రెండవ స్థానంలో వస్తుంది. మొదటి అంశాన్ని కళ్లు మూసుకుని తీసుకునే స్క్రిప్టులు అక్కడే దెబ్బతింటాయి.

మూడవ మెట్టు: ఫలానా లైబ్రరీని పట్టుకోవడం

పైథాన్ -ఎమ్ పిప్ షో రిక్వెస్ట్స్

ఫలితంలో "లొకేషన్" అనే వరుస ఆ లైబ్రరీ ఉన్న సైట్-ప్యాకేజెస్ ఫోల్డరును చూపుతుంది. చివర "-ఎఫ్" చేర్చితే ఆ లైబ్రరీకి చెందిన ఫైళ్లన్నీ వస్తాయి. అన్ని లైబ్రరీలనూ చిరునామాలతో కలిపి ఒకేసారి చూడాలంటే "పైథాన్ -ఎమ్ పిప్ లిస్ట్ -వి" వాడాలి. ఇక్కడ ఉత్త "పిప్" అని కాకుండా "పైథాన్ -ఎమ్ పిప్" అని రాయడం చాదస్తం కాదు: పిప్ అనే ఆదేశం ఏ పైథాన్‌కు చెందినదో బయటికి తెలియదు, ఈ పద్ధతిలో మాత్రం మొదటి మెట్టులో గుర్తించిన పైథాన్‌కు చెందిన పిప్పే నడుస్తుంది.

పిప్‌కు తెలిసిన పేరు, ప్రోగ్రాములో ఇంపోర్ట్ చేసే పేరు ఒకటే అయి ఉండాలని లేదు. పిల్లో అని ఇన్‌స్టాల్ చేసినదాన్ని పిఐఎల్ అని ఇంపోర్ట్ చేస్తాం. సైకిట్-లెర్న్ అన్నది ఎస్‌కెలెర్న్‌గా, ఓపెన్‌సివి-పైథాన్ అన్నది సివి2గా, బ్యూటిఫుల్‌సూప్4 అన్నది బిఎస్4గా, పైయామల్ అన్నది యామల్‌గా మారతాయి. పిప్ షోకు ఇంపోర్ట్ పేరు ఇచ్చి, లైబ్రరీ లేదనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం తరచూ జరిగే పొరపాటు. పైథాన్ 3.10 నుంచి "ఇంపోర్ట్‌లిబ్.మెటాడేటా" మాడ్యూల్‌లో ఉన్న "ప్యాకేజెస్_డిస్ట్రిబ్యూషన్స్()" ఫంక్షన్ ఈ రెండు పేర్ల మధ్య పట్టికను ఇస్తుంది.

పిప్ చెప్పేది రికార్డుల్లో ఉన్న సంగతి మాత్రమే. నిజంగా లోడ్ అయినది ఏదో తెలియాలంటే మాడ్యూల్‌నే అడగాలి.

పైథాన్ -సి "ఇంపోర్ట్ నంపై; ప్రింట్(నంపై.__ఫైల్__)"

ఇంపోర్ట్ చేసే దశలోనే తప్పు వస్తుంటే, లేదా లోడ్ చేయడం వల్ల అనవసరపు పనులు జరుగుతాయనుకుంటే, మాడ్యూల్‌ను నడపకుండానే "ఇంపోర్ట్‌లిబ్.యుటిల్.ఫైండ్_స్పెక్('నంపై')" అని అడిగి, వచ్చిన జవాబులోని "ఆరిజిన్" విలువను చూడవచ్చు. చుక్కతో కూడిన ఉపమాడ్యూల్ పేరు ఇస్తే మాత్రం దాని పై ప్యాకేజీ లోడ్ అవుతుందని గమనించాలి.

"__ఫైల్__" ఇచ్చే జవాబును బట్టి చాలా చిక్కుముడులు విడిపోతాయి. "సిస్" వంటి మాడ్యూళ్లకు ఆ విలువే ఉండదు, అవి ఇంటర్‌ప్రెటర్‌లోనే కలిసిపోయి ఉంటాయి కనుక డిస్కులో వాటికి వేరే ఫైలు లేదు. విలువ "నన్" అని వస్తే అది "__ఇనిట్__.పై" ఫైలు లేని నేమ్‌స్పేస్ ప్యాకేజీ, అప్పుడు "__పాత్__" విలువను చూడాలి. కొన్ని పెద్ద లైబ్రరీలు కావాలనే ఈ పద్ధతిని అనుసరిస్తాయి. కానీ సాధారణ లైబ్రరీకి ఈ జవాబు వస్తే అది అపశకునమే: లైబ్రరీని అరకొరగా తొలగించినప్పుడు దాని పేరుతో ఖాళీ ఫోల్డరు మిగిలిపోతుంది, పైథాన్ దానినే ప్యాకేజీగా స్వీకరించి ఇంపోర్ట్‌ను విజయవంతం చేస్తుంది, ఆ తర్వాత లోపలి ఫంక్షన్‌ను పిలవగానే అటువంటిదేదీ లేదని ఆట్రిబ్యూట్‌ఎర్రర్ ఇస్తుంది.

మూడవ సందర్భం ఇంకా తరచుగా ఎదురవుతుంది. చిరునామా సైట్-ప్యాకేజెస్‌ను కాక మీ సొంత ప్రాజెక్టు ఫోల్డరును చూపుతుంది. మీ ప్రోగ్రాముకు "ర్యాండమ్.పై" అనో "రిక్వెస్ట్స్.పై" అనో పేరు పెట్టి ఉంటే, స్క్రిప్టు ఉన్న ఫోల్డరు వెతుకులాటలో మొదటిది కాబట్టి అసలు లైబ్రరీ మరుగున పడిపోతుంది. పైథాన్ 3.13 నుంచి ఎర్రర్ సందేశమే ఈ అవకాశాన్ని గుర్తు చేస్తుంది. 3.11 నుంచి ఉన్న పెద్ద అక్షరపు "-పి" ఐచ్ఛికం ఆ మొదటి ఫోల్డరును జాబితాలో చేర్చకుండా ఆపుతుంది. అయితే ఫైలు పేరు మార్చడమే సరైన పరిష్కారం.

సైట్-ప్యాకేజెస్‌లోకి వెళ్లి చూస్తే ప్రతి లైబ్రరీ పక్కనా పేరు, వెర్షన్ కలిసి "డిస్ట్-ఇన్ఫో" అని ముగిసే ఫోల్డరు ఒకటి ఉంటుంది. అందులోని "రికార్డ్" ఫైలులో ఇన్‌స్టాల్ అయిన ప్రతి ఫైలు పేరు, "ఇన్‌స్టాలర్" ఫైలులో దానిని తెచ్చిన సాధనం పేరు ఉంటాయి. ఒకే ఫోల్డరులో కోండా తెచ్చినవి, పిప్ తెచ్చినవి కలగలిసినప్పుడు ఏది ఎవరిదో చెప్పే సాక్ష్యం ఆ చిన్న ఫైలే. మీరే అభివృద్ధి చేస్తున్న లైబ్రరీని "-ఇ" ఐచ్ఛికంతో ఇన్‌స్టాల్ చేసి ఉంటే, డిస్ట్-ఇన్ఫో, కోడ్ ఉన్న చోటును చూపే చిన్న ఫైలు మాత్రమే ఇక్కడ ఉంటాయి, కోడ్ మీ ప్రాజెక్టు ఫోల్డరులోనే ఉండిపోతుంది. పిప్ షో అప్పుడు "ఎడిటబుల్ ప్రాజెక్ట్ లొకేషన్" అనే అదనపు వరుసలో అసలు చిరునామాను చూపుతుంది.

ఒక్కో సిస్టమ్‌లో ఎదురయ్యే చిరునామాలు

విండోస్‌లో అధికారిక ఇన్‌స్టాలర్‌తో ఒక యూజర్ కోసం పెట్టుకున్న పైథాన్ లైబ్రరీలు ఇక్కడ ఉంటాయి.

సి:\యూజర్స్\మీ పేరు\యాప్‌డేటా\లోకల్\ప్రోగ్రామ్స్\పైథాన్\పైథాన్312\లిబ్\సైట్-ప్యాకేజెస్

యాప్‌డేటా దాగి ఉండే ఫోల్డరు కాబట్టి ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో దాగిన అంశాలు చూపమని ఎంచుకుంటే తప్ప కనిపించదు. అందరు యూజర్ల కోసం ఇన్‌స్టాల్ చేస్తే అదే నిర్మాణం ప్రోగ్రామ్ ఫైల్స్ కిందికి వస్తుంది. యూజర్ సైట్ మాత్రం యాప్‌డేటాలోనే రోమింగ్ కింద ఉంటుంది. మైక్రోసాఫ్ట్ స్టోర్ పైథాన్ లైబ్రరీలు యాప్‌డేటా, లోకల్, ప్యాకేజెస్ కింద పొడవైన పేరున్న ఫోల్డరులో ఉంటాయి, ఆ పేరును చేత్తో వెతికే కన్నా రెండవ మెట్టులోని ఆదేశంతో తెలుసుకోవడమే మేలు. విండోస్ లోపల నడిచే లినక్స్ ఉపవ్యవస్థలోని పైథాన్ పూర్తిగా వేరు. దానికి కింద చెప్పే లినక్స్ చిరునామాలే వర్తిస్తాయి.

మ్యాక్‌లో మూడు పైథాన్‌లు తరచూ కనిపిస్తాయి. అధికారిక ఇన్‌స్టాలర్ "/లైబ్రరీ/ఫ్రేమ్‌వర్క్స్/పైథాన్.ఫ్రేమ్‌వర్క్/వెర్షన్స్/3.12/లిబ్/పైథాన్3.12/సైట్-ప్యాకేజెస్"లో పెడుతుంది. హోమ్‌బ్రూ అనే ప్యాకేజీ సాధనం అయితే యాపిల్ సొంత చిప్ ఉన్న యంత్రాలలో "/ఆప్ట్/హోమ్‌బ్రూ/లిబ్/పైథాన్3.12/సైట్-ప్యాకేజెస్", ఇంటెల్ యంత్రాలలో "/యూఎస్ఆర్/లోకల్/లిబ్/పైథాన్3.12/సైట్-ప్యాకేజెస్" వాడుతుంది. మూడవది యాపిల్ అభివృద్ధి సాధనాలతో వచ్చేది, దానిని వాటి సొంత అవసరాలకు వదిలేయడం మంచిది. 2022లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ 12.3 పాత పైథాన్ 2.7ను పూర్తిగా తొలగించింది, కాబట్టి దాని చిరునామాలు చెప్పే పాత సూచనలు ఇప్పుడు పనికిరావు.

లినక్స్‌లో డెబియన్, ఉబుంటుల తీరు ప్రత్యేకమైనది. వాటి ప్యాకేజీ సాధనమైన ఏపీటీ ద్వారా వచ్చిన లైబ్రరీలు "/యూఎస్ఆర్/లిబ్/పైథాన్3/డిస్ట్-ప్యాకేజెస్"లోనూ, సూడో (నిర్వాహక) అధికారంతో పిప్ పెట్టినవి "/యూఎస్ఆర్/లోకల్/లిబ్/పైథాన్3.12/డిస్ట్-ప్యాకేజెస్"లోనూ, యూజర్ సొంతానివి "~/.లోకల్/లిబ్/పైథాన్3.12/సైట్-ప్యాకేజెస్"లోనూ ఉంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్ నమ్ముకున్న లైబ్రరీలూ మనం కంపైల్ చేసుకున్న పైథాన్ లైబ్రరీలూ కలవకూడదన్న ఉద్దేశంతోనే అక్కడ "సైట్"కు బదులు "డిస్ట్" అని పేరు పెట్టారు. ఫెడోరా, ఆర్చ్‌లలో మామూలు సైట్-ప్యాకేజెస్ పేరే ఉంటుంది. డెబియన్ 12, ఉబుంటు 23.04 మొదలుకొని సిస్టమ్ పైథాన్‌లోకి పిప్ నేరుగా ఇన్‌స్టాల్ చేయబోతే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని నిరాకరిస్తుంది. దానిని బలవంతంగా దాటవేసే ఐచ్ఛికం ఉన్నప్పటికీ, సిస్టమ్ ప్యాకేజీలను విరగ్గొడతానని ఆ ఐచ్ఛికం తన పేరులోనే హెచ్చరిస్తోంది. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ సృష్టించుకోవడమే దారి.

వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లు, ఇతర సాధనాలు

2012లో పైథాన్ 3.3తో వచ్చిన వెన్వ్ సృష్టించే ఫోల్డరులో "పైవెన్వ్.సిఎఫ్‌జి" అనే ఫైలు తప్పక ఉంటుంది, అది కనిపించిందంటే ఆ ఫోల్డరు ఒక ఎన్విరాన్‌మెంట్ అని నిర్ధారించుకోవచ్చు, దానికి మూలమైన పైథాన్ ఏదో కూడా అందులోనే రాసి ఉంటుంది. లైబ్రరీలు విండోస్‌లో దాని కింద "లిబ్\సైట్-ప్యాకేజెస్"లోనూ, మిగతా చోట్ల "లిబ్/పైథాన్3.12/సైట్-ప్యాకేజెస్"లోనూ ఉంటాయి. ఎన్విరాన్‌మెంట్‌ను యాక్టివేట్ చేయకపోయినా, దాని లోపలి పైథాన్‌ను పూర్తి చిరునామాతో పిలిచి పై ఆదేశాలన్నీ ఇవ్వవచ్చు.

కోండా ఎన్విరాన్‌మెంట్ల చిరునామాలను "కోండా ఇన్ఫో --ఎన్వ్స్" చూపుతుంది, వాటి లోపలి నిర్మాణం దాదాపు ఇదే. పైఎన్వ్ వాడేవారికి "పైఎన్వ్ విచ్ పైథాన్", పోయెట్రీ వాడేవారికి "పోయెట్రీ ఎన్వ్ ఇన్ఫో --పాత్" అసలు చోటు చెబుతాయి. పిప్ఎక్స్ తాను ఇన్‌స్టాల్ చేసే ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో ఎన్విరాన్‌మెంట్‌ను విడిగా నడుపుతుంది కనుక, దాని ద్వారా వచ్చినదాన్ని మీ ప్రోగ్రాములో ఇంపోర్ట్ చేయలేకపోవడం లోపం కాదు, దాని ఉద్దేశమే అది. యూవీ సృష్టించిన ఎన్విరాన్‌మెంట్‌లో పిప్ ఉండదు, అక్కడ "యూవీ పిప్ షో" అని అడగాలి. ఏ సాధనమూ అందుబాటులో లేనప్పుడు కూడా పైథాన్ 3.8 నుంచి ఇది పనిచేస్తుంది.

పైథాన్ -సి "ఫ్రమ్ ఇంపోర్ట్‌లిబ్.మెటాడేటా ఇంపోర్ట్ డిస్ట్రిబ్యూషన్; ప్రింట్(డిస్ట్రిబ్యూషన్('పిల్లో').లొకేట్_ఫైల్(''))"

జూపిటర్ నోట్‌బుక్‌లో కెర్నల్ (కోడ్‌ను నడిపే భాగం) ఏ పైథాన్‌దో అదే లెక్కలోకి వస్తుంది, జూపిటర్‌ను ఎక్కడి నుంచి ప్రారంభించామన్నది కాదు. సెల్‌లో "సిస్.ఎగ్జిక్యూటబుల్"ను ప్రింట్ చేసి చూడండి, ఇన్‌స్టాల్ చేయడానికి ఆశ్చర్యార్థకంతో కాక "%పిప్ ఇన్‌స్టాల్" అని శాతం గుర్తుతో ఇవ్వండి, అప్పుడు లైబ్రరీ కెర్నల్ వాడే ఎన్విరాన్‌మెంట్‌లోకే చేరుతుంది. విఎస్ కోడ్‌లో "పైథాన్: సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్" అనే ఆదేశంతో ఏది ఎంపికై ఉందో తెలుస్తుంది. అధికారిక డాకర్ పైథాన్ ఇమేజ్‌లో లైబ్రరీలు "/యూఎస్ఆర్/లోకల్/లిబ్/పైథాన్3.12/సైట్-ప్యాకేజెస్"లో ఉంటాయి.

చోటు దొరికిన తర్వాత

చదవడానికి, డీబగ్ చేయడానికి ఆ ఫోల్డర్లను నిస్సంకోచంగా తెరవవచ్చు. తొలగించడానికి మాత్రం "పైథాన్ -ఎమ్ పిప్ అన్‌ఇన్‌స్టాల్" వాడాలి, ఎందుకంటే ఒక లైబ్రరీ ఫైళ్లు సైట్-ప్యాకేజెస్‌కే పరిమితం కావు, ఆదేశాల రూపంలో "బిన్" లేదా "స్క్రిప్ట్స్" ఫోల్డరులోనూ ఉంటాయి. ఏపీటీ లేదా ఫెడోరా ప్యాకేజీ సాధనం డిఎన్‌ఎఫ్ తెచ్చినవాటిని ఆ సాధనాలతోనే తీయాలి. డిస్కులో ఖాళీ కోసం వెతుకుతున్నవారు "పైథాన్ -ఎమ్ పిప్ క్యాష్ డిర్" చూపే ఫోల్డరును గమనించాలి: అది దించుకున్న ఫైళ్ల నిల్వ, అక్కడి నుంచి ఏదీ ఇంపోర్ట్ కాదు, "పిప్ క్యాష్ పర్జ్"తో దానిని ఖాళీ చేసినా ఇన్‌స్టాల్ అయిన లైబ్రరీలకు హాని ఉండదు. ఒక వెర్షన్ సైట్-ప్యాకేజెస్‌ను మరో వెర్షన్‌లోకి కాపీ చేయడం మాత్రం పనిచేసే ఉపాయం కాదు. కంపైల్ అయిన ఫైళ్ల పేర్లలో చాలావాటికి "సిపైథాన్-312" లేదా "సిపి312" వంటి గుర్తు ఉంటుంది, వేరే వెర్షన్ పైథాన్ వాటిని తనవిగా గుర్తించదు. "పైథాన్ -ఎమ్ పిప్ ఫ్రీజ్" ఇచ్చే జాబితాను ఒక ఫైలులో భద్రపరచి, కొత్త పైథాన్‌లో ఆ ఫైలు నుంచే మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి.